పరదేశికి తలుపు తీసిన పల్లె

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి పంపమని సంఘ కార్యదర్శి గారు కబురు చేశారు. మన సంచికల్లో కోటల గురించి, రాజవంశాల గురించి, స్వాతంత్ర్య సమరయోధుల గురించి మిత్రులు ఇదివరకే చక్కగా రాసి ఉన్నారు. నేను ఈసారి ఒక చిన్న పల్లె చరిత్ర ఎత్తుకుంటున్నాను. ఆ పల్లె మన దేశంలోది కాదు. ఫ్రాన్సు దేశం నడిమధ్య, కొండల మీద, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. పేరు ల షాంబో సుర్ లిన్యో. లిన్యో అనేది పక్కన పారే ఏరు పేరు. మన సౌకర్యం కోసం షాంబో అని పిలుచుకుందాం.

క్రైస్తవ మిత్రులకు మత్తయి సువార్త 25వ అధ్యాయం కంఠతా వచ్చి ఉంటుంది. తీర్పు దినాన ప్రభువు మనుషులను అడిగే లెక్కలో, పరదేశిగా వచ్చినవాణ్ణి ఇంట చేర్చుకున్నావా లేదా అన్నది ఒక పద్దు. చదవడానికి సులువైన మాటే. అయితే ఆ పరదేశిని చేర్చుకోరాదని సర్కారే ఉత్తర్వు ఇస్తే ఏం చేయాలి? చేర్చుకున్నవాడిని కూడా పట్టుకుపోతారంటే ఏం చేయాలి? షాంబో ప్రజలకు 1940 నుండి 1944 వరకు నాలుగేళ్ళపాటు రోజూ ఎదురైన ప్రశ్న ఇదే. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు ఉత్తర్వులు అమలు చేసి దిగిపోయిన మనబోటి వాళ్ళకు ఈ కథలో ఆలోచించవలసింది చాలా ఉందని నాకనిపించింది. నేను సివిల్ సప్లయిస్‌లో చాలా కాలం పని చేసినవాణ్ణి. కనుక ఈ కథలో రేషన్ కార్డుల ప్రస్తావన కొంచెం ఎక్కువగా వస్తే చదువరులు మన్నించాలి.

ముందు ఆ ఊరి పూర్వాపరాలు చెప్పాలి. ఫ్రాన్సులో అత్యధికులు క్యాథలిక్కులు. ప్రొటెస్టెంట్లు వందలో ఇద్దరో ముగ్గురో. కానీ షాంబో చుట్టుపక్కల పీఠభూమిలో మాత్రం పల్లెలకు పల్లెలు ప్రొటెస్టెంట్లే. వీరిని చరిత్రలో హ్యూగెనాట్లు అంటారు. 1598లో నాలుగవ హెన్రీ రాజు నాంత్ శాసనం ద్వారా వీరికి తమ మతం ప్రకారం ఆరాధన చేసుకునే హక్కు ఇచ్చాడు. 1685లో పద్నాలుగవ లూయీ ఆ శాసనాన్ని రద్దు చేశాడు. చర్చిలు కూల్చారు. పాస్టర్లను దేశం నుండి వెళ్ళగొట్టారు. దొరికిన మగవాళ్ళను ఓడల్లో తెడ్లు వేసే బానిసలుగా పంపారు. రెండు లక్షల మందికి పైగా దేశం విడిచి ఇంగ్లండుకు, హాలండుకు, జర్మనీకి, స్విట్జర్లాండుకు పోయారు. మిగిలినవారు అడవుల్లో, కొండచరియల్లో రహస్యంగా కూడి ప్రార్థన చేసుకున్నారు. మరీ దురాన్ అనే ఆ ప్రాంతపు ఆడపిల్లను 1730లో ఒక బురుజులో బంధించి 38 ఏళ్ళ తరువాత, 1768లో విడిచిపెట్టారు. నా మతం మార్చుకున్నాను అని ఒక్క మాట అంటే ఏనాడో బయటపడేది. అనలేదు. 1787 దాకా ప్రొటెస్టెంట్ల పెళ్ళిళ్ళను, పుట్టుకలను సర్కారు రికార్డుల్లో సైతం రాయలేదు.

ఈ సంగతులు షాంబో పల్లెజనానికి పుస్తకాల్లో చదివిన విషయాలు కావు. తాతముత్తాతల నుండి పొయ్యి దగ్గర కూర్చుని చెప్పుకున్నవి. ఫలానా గడ్డివాములో ఫలానా పాస్టరును దాచారట, ఫలానా బాటలో సైనికులను తప్పుదారి పట్టించారట అని పిల్లలకు తెలుసు. దాక్కున్నవాడి బాధ ఎరిగిన కుటుంబాలు అవి. యూదులు అంటే వారికి పాత నిబంధన గ్రంథపు మనుషులు. అబ్రహాము, మోషే, దావీదుల వంశం వారు. ఆ పీఠభూమి మీద డార్బీయులనే ఇంకొక శాఖ రైతు కుటుంబాలు ఉండేవి. బైబిలు తప్ప వేరే పుస్తకం ముట్టని నిష్ఠాపరులు. వారైతే దేవుడు ఎన్నుకున్న ప్రజ మా ఇంటికి వచ్చారు, అంతకన్నా భాగ్యమేమిటి అన్నంత భక్తిగా చూశారు.

ఇంకొక కారణం కూడా ఉంది. దాన్ని చాలామంది రచయితలు తేలిగ్గా దాటేస్తారు కాని నా ఉద్దేశంలో అది ముఖ్యం. ఆ ఊరికి బయటివాళ్ళను ఇంట్లో పెట్టుకోవడం అలవాటైన పని. 1893 ప్రాంతంలో లూయీ కోంత్ అనే పాస్టరు, సెయింట్ ఎతియెన్ పట్టణంలోని గనికార్మికుల పిల్లలను వేసవిలో మంచి గాలి కోసం ఈ కొండ మీదికి పంపే ఏర్పాటు చేశాడు. రైతులు వారిని తమ ఇళ్ళల్లో ఉంచుకుని పాలూ రొట్టే పెట్టేవారు. తరువాత మీటర్ గేజి రైలు ఒకటి వచ్చింది. దానితో వేసవి విడిదికి వచ్చే పట్నం వాళ్ళు పెరిగారు, బోర్డింగు ఇళ్ళు వెలిశాయి. శీతాకాలం వస్తే మోకాటి లోతు మంచు, బుర్ల్ అనే ఉత్తరపు ఈదురుగాలి. అప్పుడు ఆ ఇళ్ళన్నీ ఖాళీ. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడినవారు 1939లో ఫ్రాన్సులోకి వచ్చినప్పుడు వారిలో కొందరికి కూడా ఇక్కడ చోటు దొరికింది. కాబట్టి యూదులు వచ్చేనాటికి ఖాళీ గదులు, అదనపు మంచాలు, కొత్త ముఖాలు చూసి బెదరని ఆడవాళ్ళు అక్కడ సిద్ధంగా ఉన్నారు. విశ్వాసం ఎంత ఉన్నా పడుకోబెట్టడానికి మంచం కూడా ఉండాలి కదా!

1934లో ఆ ఊరి చర్చికి ఆంద్రే త్రోక్మే పాస్టరుగా వచ్చాడు. 1901లో పుట్టినవాడు. తండ్రి ఫ్రెంచి, తల్లి జర్మన్. మొదటి ప్రపంచయుద్ధంలో వారి ఊరు జర్మన్ సైన్యం చేతిలో ఉన్నప్పుడు, ఆయుధం పట్టనని దీక్ష పూనిన ఒక జర్మన్ సైనికుడితో ఈ కుర్రవాడికి పరిచయమైంది. శత్రువు దుస్తుల్లో ఉన్నవాడి నోట అహింస మాట విన్నాడు. అది జీవితాంతం వదలలేదు. భార్య మాగ్దా ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో పుట్టింది, ఆమె వంశంలో రష్యన్ రక్తం కూడా ఉంది. అంటే ఆ పాస్టరు దంపతులే ఊరికి ఒక విధంగా పరదేశులు. త్రోక్మేకు తోడుగా ఎద్వార్ తెయిస్ అనే మరొక పాస్టరు వచ్చాడు. ఇద్దరూ కలసి 1938లో ఒక ఉన్నత పాఠశాల పెట్టారు. మొదటి ఏడు పద్దెనిమిది మంది పిల్లలు. దేశాల మధ్య శాంతి బోధించే బడి కావాలన్నది వారి ఉద్దేశం. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ బడి బెంచీల మీద యూరపులో తరిమివేయబడ్డ పిల్లలు, బల్ల దగ్గర కొలువులు ఊడిన యూదు అధ్యాపకులు ఉన్నారు. ఆ ఊరి చర్చి గుమ్మం మీద, ఒకరి పట్ల ఒకరు ప్రేమగా ఉండమని క్రీస్తు చెప్పిన మాట చెక్కి ఉంటుంది. ఇలాంటి మాటలు చాలా చర్చిల మీద ఉంటాయి.

1940 జూన్ 22న ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయి సంధి రాసుకుంది. ఉత్తర భాగం జర్మన్ సైన్యం కిందికి పోయింది. దక్షిణ భాగానికి విషీ పట్టణం రాజధానిగా ముసలి మార్షల్ పేతెన్ ప్రభుత్వం ఏర్పడింది. షాంబో ఈ దక్షిణ భాగంలో ఉంది. మరునాడు, అంటే జూన్ 23 ఆదివారం నాడు, త్రోక్మే, తెయిస్‌లు ఇద్దరూ కలిసి చర్చిలో ఒక ప్రకటన చేశారు. క్రైస్తవుడి మనస్సాక్షి మీద ఎవరైనా బలప్రయోగం చేస్తే దాన్ని ఆత్మకు సంబంధించిన ఆయుధాలతో ఎదిరించాలి, సువార్తకు విరుద్ధమైన విధేయతను కోరితే ఇవ్వకూడదు, కాని ఎవరినీ ద్వేషించకూడదు అని దాని సారాంశం. దేశం యావత్తూ ఓటమితో కుంగి, మార్షల్ గారే మన రక్షకుడు అనుకుంటున్న వారంలో ఇది చదివారు. అక్టోబరులో యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి, బడుల నుండి తొలగిస్తూ చట్టం వచ్చింది. ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. ఈ చట్టం జర్మన్లు రాసి ఇచ్చింది కాదు, ఫ్రెంచి ప్రభుత్వం తానై చేసింది. అమలు చేసినవారు ఫ్రెంచి గుమస్తాలే.

ఆ చలికాలంలో ఒక రాత్రి పాస్టరు ఇంటి తలుపు ఎవరో తట్టారు. మాగ్దా వంటింట్లో ఉంది. తలుపు తీస్తే మంచులో వణుకుతూ ఒక స్త్రీ. జర్మనీ నుండి పారిపోయి వచ్చిన యూదురాలు. లోపలికి రావచ్చా అని అడిగింది. రావమ్మా, అనుమానమెందుకు అన్న ధోరణిలో మాగ్దా పక్కకు తప్పుకుంది. భోజనం పెట్టింది. తడిసిన బూట్లు ఆరడానికి పొయ్యి దగ్గర పెడితే అవి కాస్తా కాలిపోయాయి. యుద్ధకాలంలో బూట్లు దొరకడం ఎంత కష్టమో చెప్పనక్కర లేదు. మాగ్దా ఊరంతా తిరిగి ఒక జత సంపాదించింది. తరువాత ఆమెకు కాగితాలు ఇప్పించాలని ఊరి మేయరు దగ్గరికి వెళ్ళింది. ఒక్క పరదేశి కోసం ఊరినంతా ప్రమాదంలో పెడతావా, రేపు పొద్దున్నకల్లా ఆమెను పంపించెయ్యి అని మేయరు కసిరాడు. మాగ్దా ఆమెను మరొకచోటికి పంపవలసి వచ్చింది. ఆ పంపడం ఆమెను జీవితాంతం బాధపెట్టింది. మళ్ళీ ఎవరి కోసమూ కాగితాలకు ఆఫీసు గుమ్మం ఎక్కలేదు.

మేయరును తప్పు పట్టడం సులువు. నేను పట్టను. ఊరి క్షేమం చూడడం అతని డ్యూటీ. మనలో ఎంతమందిమి ఇలాంటి మాట ఎంతమంది అర్జీదారులతో అనలేదు? కాని ఆనాడు ఆ ఇద్దరిలో ఎవరి లెక్క సరిగా తేలిందో తరువాత చరిత్ర చెప్పింది.

అప్పట్లో దక్షిణ ఫ్రాన్సులో గుర్స్, రివసాల్త్ వంటి నిర్బంధ శిబిరాలు ఉండేవి. జర్మనీ నుండి తరిమిన యూదులను, స్పెయిన్ శరణార్థులను అందులో కుక్కారు. బురద, ఆకలి, రోగాలు. త్రోక్మే మార్సెయి నగరం వెళ్ళి క్వేకర్ల సహాయ సంస్థ వారిని కలిసి, శిబిరాల్లో పని చేయడానికి వస్తానన్నాడు. వారి ప్రతినిధి బర్న్స్ చామర్స్ మరొక సంగతి అడిగాడు. శిబిరాల నుండి పిల్లలను విడిపించగలం, కాని వారిని ఉంచుకోవడానికి ఏ ఊరూ ఒప్పుకోవడం లేదు, మీ ఊరు ఒప్పుకుంటుందా? త్రోక్మే తిరిగివచ్చి చర్చి పెద్దలను అడిగాడు. వారు ఒప్పుకున్నారు. 1941 మే నెలలో స్విస్ సహాయ సంస్థ లా గెస్పీ అనే ఇల్లు తెరిచింది. తరువాత మరికొన్ని. అగుస్త్ బోనీ అనే స్విస్ యువకుడు వాటిని చూసుకున్నాడు. సిమాద్ అనే ప్రొటెస్టెంట్ సంస్థ ఇంకొక ఇల్లు నడిపింది. ఇళ్ళల్లో పట్టనివారు పొలాల మధ్య ఉన్న రైతుల కొంపల్లో. ఒక్క షాంబోయే కాదు, మాజె, తాన్స్, ఫాయి వంటి చుట్టుపక్కల ఊళ్ళూ పంచుకున్నాయి. క్యాథలిక్కులూ ఉన్నారు. పేరు మాత్రం షాంబోకే వచ్చింది.

త్రోక్మే ప్రసంగాల్లో పాత నిబంధనలోని ఆశ్రయపురాల ప్రస్తావన తరచు వచ్చేది. నిర్దోషి రక్తం చిందకుండా పారిపోయి వచ్చినవాడికి చోటివ్వడానికి ఆరు పట్టణాలను ప్రత్యేకించమని మోషే ధర్మశాస్త్రం చెబుతుంది. ఆశ్రయం ఇవ్వడం దయ కాదు, ఇవ్వకపోతే ఆ రక్తం మన మీద ఉంటుంది అన్నది ఆయన చెప్పిన భావం. వారంవారం బైబిలు పఠనం నడిపే పదముగ్గురు యువనాయకులు ఉండేవారు. ఆదివారం ఆలోచన చెప్పుకున్న అధ్యాయమే ఆ వారమంతా ఇంటింటికీ కబురుగా పోయేది. శరణార్థులను పంపేటప్పుడు ఇన్ని పాత నిబంధన పుస్తకాలు పంపుతున్నాం అని చీటీ రాసేవారని కూడా చెబుతారు.

ఇక రేషను సంగతి. ఆనాటి ఫ్రాన్సులో తిండి అంతా కార్డు మీదే. మూడేళ్ళ లోపు పిల్లలకొక వర్గం, పదమూడు నుండి ఇరవై ఒకటి వరకు ఒకటి, పెద్దలకొకటి, బరువుపని వారికొకటి, డెబ్బై దాటిన ముసలివారికి వేరే. మన రోజుల్లో కార్డుకు ఇన్ని యూనిట్లు అన్నట్టే. పెద్దవాళ్ళకు 1940 శరత్కాలంలో రోజుకు 350 గ్రాముల రొట్టె ఇచ్చేవారు, 1941లో 275కు కుదించారు. కార్డు లేనివాడు లేనట్టే లెక్క. 1942 డిసెంబరు 11న మరొక చట్టం వచ్చింది. దక్షిణ భాగంలో కూడా యూదుల గుర్తింపు కార్డుమీద, రేషన్ కార్డుమీద యూదు అని ముద్ర వేయాలని. చూడండి, ఒక్క రబ్బరు స్టాంపు. అది పడిందంటే రొట్టె కోసం నిలబడిన క్యూలోనే పట్టుబడతాడు.

కనుక ఆశ్రయం అంటే మంచమూ గిన్నెడు సూపూ మాత్రమే కాదు, ఒక కొత్త పేరు, ఒక ముద్ర లేని కార్డు. ఈ పని ప్రధానంగా నెత్తిన వేసుకున్నవాడు ఆస్కార్ రోసోవ్‌స్కీ. బెర్లిన్‌లో పుట్టిన పంతొమ్మిదేళ్ళ యూదు కుర్రవాడు. డాక్టరు కావాలనుకుంటే యూదు అని కాలేజీలో చేర్చుకోలేదు. నీస్ పట్టణంలో టైపు మిషన్లు బాగుచేసే పనిలో కుదిరాడు. బాగుచేసే మిషన్లలో కలెక్టరేటు వంటి ప్రిఫెక్టు కార్యాలయం మిషన్లు కూడా ఉండేవి. అక్కడ కాగితం ఎలా ఉంటుందో, సంతకం ఎక్కడ పడుతుందో చూసి నేర్చుకున్నాడు. 1942 చివర షాంబో చేరి, హెరిత్యే అనే రైతు కుటుంబం దగ్గర ఉంటూ రాత్రుళ్ళు దొంగ కాగితాలు తయారు చేశాడు. స్టాంపులు, ఖాళీ కార్డులు ఆ రైతు తేనెపట్టు పెట్టెల్లో దాచేవారు. తేనెటీగల దగ్గరికి ఏ పోలీసూ పోడు! వందలకొద్దీ కాగితాలు అలా తయారయ్యాయి. యుద్ధం తరువాత అతను డాక్టరు అయ్యాడు.

ఈ దొంగ కాగితాల వ్యవహారం పాస్టరు ఇంట్లో మాత్రం సులువుగా మింగుడు పడలేదు. అబద్ధం ఆడరాదని పిల్లలకు చెప్పే ఇల్లు అది. మొదటి దొంగ రేషన్ కార్డు చేతికి వచ్చిన రోజు మాగ్దా పడిన మథన తరువాత ఆమె మాటల్లోనే బయటపడింది. తెయిస్, త్రోక్మేలు తమకు చేతనైనంతవరకు, తెలియకుండా ఉంటే అబద్ధం ఆడవలసిన పని ఉండదు అని పేర్లు అడిగేవారు కాదు. నాకిది చాలా నచ్చిన భాగం. ఇది మంచి పనే, కనుక ఏం చేసినా తప్పులేదు అని వారు ఊరడించుకోలేదు. తప్పును తప్పుగానే మోస్తూ మనిషిని బ్రతికించారు.

1942 జులై 16, 17 తేదీలలో పారిస్‌లో ఫ్రెంచి పోలీసులు సుమారు పదమూడు వేల మంది యూదులను ఇళ్ళనుండి పట్టుకున్నారు. వారిలో నాలుగు వేలకు పైగా పిల్లలు. నాలుగు వారాలు తిరగకుండా, ఆగస్టు 10న విషీ ప్రభుత్వపు యువజన వ్యవహారాల పెద్ద, జార్జి లామిరాన్ షాంబోకు పర్యటనకు వచ్చాడు. జిల్లా ప్రిఫెక్టు రొబేర్ బాక్ వెంట ఉన్నాడు. మంత్రిస్థాయి పర్యటన అంటే ఎలా ఉంటుందో మనకు తెలియనిదా! తోరణాలు, బ్యాండు, పూలగుత్తులు ఉండాలి. అక్కడ ఏమీ లేవు. పైగా పాఠశాల పెద్ద తరగతి విద్యార్థులు కొందరు ఒక ఉత్తరం ఆయన చేతికిచ్చి చదివి వినిపించారు. పారిస్‌లో జరిగింది మాకు తెలిసింది, మా మధ్య యూదులున్నారు, మేము యూదులనీ కానివారనీ తేడా చూడము, వారిని అప్పగించమంటే దాచిపెట్టమని చెబుతాము, ఇది మా సువార్తకు విరుద్ధం అన్నది దాని సారం. లామిరాన్ ఆ సంగతి ప్రిఫెక్టుకు చెప్పుకోమని వెళ్ళిపోయాడు. బాక్ కోపంగా త్రోక్మే వైపు తిరిగి, కొద్దిరోజుల్లో మా మనుషులు వచ్చి యూదుల లెక్క తీస్తారు అన్నాడు. యూదుడంటే ఎవరో మాకు తెలియదు, మనుషులే తెలుసు అన్న అర్థంలో త్రోక్మే జవాబు చెప్పాడు.

ఆగస్టు 26న బస్సులతో పోలీసులు వచ్చారు. యూదుల జాబితా ఇమ్మని పాస్టరును అడిగారు. ఆయన ఇవ్వలేదు. అప్పటికే శరణార్థులు అడవిలోనూ దూరపు పొలాల్లోనూ ఉన్నారు. పోలీసులు రోజులతరబడి వెతికారు. పెద్ద బస్సులో చివరికి ఒకే ఒక్క మనిషి కూర్చున్నాడు. ఊరివాళ్ళు ఒకరి వెనుక ఒకరు వచ్చి బస్సు కిటికీలోంచి తినుబండారాలు అందించారు. అతన్ని కూడా తరువాత విడిచిపెట్టారు. ఇలాంటి సోదాలకు ముందు పాస్టరు ఇంటికి ఎవరో ఫోను చేసి రేపు జాగ్రత్త అని చెప్పి పెట్టేసేవారట. ఆ గొంతు ఎవరిదో బయటపడలేదు. ఉత్తర్వు ముందుగా తెలిసే చోట కూర్చున్న ఏ గుమస్తాయో, ఏ టెలిఫోను ఉద్యోగో అయి ఉండాలని నా ఊహ. అతనికి పతకమూ రాలేదు, పేరూ లేదు. ప్రిఫెక్టు బాక్ పాత్ర గురించి చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పైకి కఠినంగా ఉత్తర్వులు రాసి లోపల కొంత చూసీచూడనట్టు పోయాడని కొందరు, అదంతా తరువాత కల్పించుకున్న మాట అని కొందరు.

1942 నవంబరులో జర్మన్ సైన్యం దక్షిణ భాగాన్ని కూడా ఆక్రమించింది. 1943 ఫిబ్రవరి 13న త్రోక్మేను, తెయిస్‌ను, ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు రోజే దార్సిసాక్‌ను అరెస్టు చేశారు. అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసు అధికారులు పాస్టరు కోసం ఇంట్లో కూర్చుని ఉంటే మాగ్దా, భోజనం వేళయింది, మీరూ తినండి అంది. ఇదేమిటి, నీ భర్తను పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టడమేమిటని తరువాత చాలామంది అడిగారు. దానికి ఆమె పెద్ద సమాధానమేమీ చెప్పలేదు. భోజనం వేళకు ఇంట్లో ఉన్నవాళ్ళకు పెట్టడం తప్ప ఇంకేముంది అన్నట్టు మాట్లాడింది. ఊరివారు వరుసగా వచ్చి దాచుకున్న కొవ్వొత్తులు, డబ్బా చేపలు తెచ్చి ఇచ్చారు. ముగ్గురినీ ఒక శిబిరంలో పెట్టి, మార్షల్ గారి ఉత్తర్వులు పాటిస్తామని సంతకం పెడితే విడుస్తామన్నారు. పాస్టర్లిద్దరూ పెట్టలేదు. కొన్ని వారాలకు సంతకం లేకుండానే విడిచిపెట్టారు. సంతకం విలువ ఎరిగిన ఉద్యోగులకు ఈ ఘట్టం గురించి నేను వేరే వ్యాఖ్యానం చెప్పనక్కర లేదు.

అన్నిసార్లూ ఇలా గట్టెక్కలేదు. 1943 జూన్ 29న గెస్టాపో వారు మేజోఁ దె రోష్ అనే విద్యార్థుల వసతిగృహం మీద పడ్డారు. దాని నిర్వాహకుడు డేనియల్ త్రోక్మే పాస్టరుకు బంధువు, చిన్నవాడు, గుండెజబ్బు మనిషి. ఆ రోజు పద్దెనిమిది మంది విద్యార్థులను, డేనియల్‌ను పట్టుకున్నారు. మాగ్దా సైకిలు మీద పరుగెత్తింది. ఒక స్పానిష్ విద్యార్థి అంతకు ముందు ఏట్లో మునిగిపోతున్న జర్మన్ సైనికుణ్ణి కాపాడాడు. మాగ్దా ఊళ్ళో ఉన్న జర్మన్ అధికారుల దగ్గరికి వెళ్ళి ఆ సంగతి సాక్ష్యం చెప్పించి ఆ ఒక్కణ్ణి విడిపించగలిగింది. డేనియల్ పారిపోవడానికి వీలున్నా తన పిల్లలను వదలి పోలేదంటారు. యూదుడివా అని అడిగి, ఎందుకు వాళ్ళను వెనకేసుకొస్తావని హింసించారు. 1944 ఏప్రిల్‌లో పోలండులోని మైదానెక్ శిబిరంలో చనిపోయాడు. విద్యార్థుల్లో కొందరు ఆష్విట్జ్‌లో పోయారు. ఆఫ్రికాలో ఆల్బర్ట్ ష్వైట్జర్ ఆసుపత్రిలో పనిచేసి వచ్చి షాంబోలో వైద్యం చేసిన డాక్టరు రోజే ల ఫొరెస్తియేను 1944 ఆగస్టు 20న లియోన్ దగ్గర మరెందరితోనో కలిపి కాల్చి చంపారు. త్రోక్మే, తెయిస్‌లు 1943 వేసవి తరువాత అజ్ఞాతంలోకి పోయారు. తెయిస్ శరణార్థులను స్విట్జర్లాండు సరిహద్దు దాటించే పనిలో చేరాడు. ఇల్లు, పిల్లలు, వచ్చేపోయేవారు అంతా మాగ్దా మీద పడింది. ఈ కాలంలోనే నవలాకారుడు ఆల్బేర్ కామూ అనారోగ్యంతో షాంబో పక్కనున్న పనెలియేలో ఉండి ప్లేగు మహమ్మారి నవల రాస్తున్నాడు.

మతం మార్చే ప్రయత్నం చేశారా అని ఎవరికైనా సందేహం కలుగుతుంది. సహజమే. ఆశ్రయం పొందిన పలువురు తరువాత ఇచ్చిన సాక్ష్యాల్లో అలాంటిది జరగలేదనే ఉంది. యూదు పిల్లలు తమ పండుగలు తాము చేసుకోవడానికి చోటు ఇచ్చారు.

1944 సెప్టెంబరు నాటికి ప్రాంతం విముక్తమైంది. అప్పుడు ఊరి దగ్గర ఓడిన జర్మన్ సైనికులను బందీలుగా ఉంచారు. త్రోక్మే వారి దగ్గరికీ వెళ్ళి జర్మన్ భాషలో ప్రసంగం చేశాడు. నిన్నటిదాకా యూదులను దాచినందుకు ఆయన్ను మెచ్చినవారిలో కొందరికి ఇది నచ్చలేదు. ఊళ్ళో సణుగుడు బయలుదేరింది. నన్నడిగితే ఆయన విశ్వాసానికి అసలు పరీక్ష అక్కడే జరిగింది. బాధితుణ్ణి దగ్గరికి తీయడానికి మనసు ఒప్పుకుంటుంది. చేయి మురికి చేసుకున్నవాడిని చూడబోవడానికి ఒప్పుకోదు.

ఎంతమందిని కాపాడారు? అయిదువేల మంది యూదులని చాలా చోట్ల రాశారు. ఇప్పటి చరిత్రకారులు ఆ పీఠభూమి మొత్తం మీద ఆశ్రయం పొందిన అన్ని రకాల వారూ కలిసి అయిదువేలనీ, అందులో యూదులు మూడు వేల నుండి మూడున్నర వేల దాకా ఉంటారనీ అంటున్నారు. ఎవరూ రిజిస్టరు రాయలేదు. రాసి ఉంటే ఆ రిజిస్టరే వారి ప్రాణాలు తీసేది.

యుద్ధం తరువాత చాలా ఏళ్ళు ఊరు ఈ విషయం మాట్లాడలేదు. ఎవరైనా వచ్చి అడిగితే, వాళ్ళు వచ్చారు, ఆకలితో ఉన్నారు, పెట్టాము, ఇందులో చెప్పుకునేదేముంది అని రైతులు పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయేవారట. 1971లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషెం సంస్థ త్రోక్మేను గౌరవించింది. అదే ఏడు ఆయన చనిపోయాడు. డేనియల్‌కు 1976లో, తెయిస్‌కు 1981లో ఆ గౌరవం దక్కింది. 1979లో అమెరికన్ ఆచార్యుడు ఫిలిప్ హాలీ పుస్తకం రాశాక లోకానికి తెలిసింది. అదే సంవత్సరం, ఒకప్పుడు అక్కడ దాక్కున్న యూదులు చర్చి ఎదురుగా ఒక ఫలకం పెట్టించారు. 1990లో యాద్ వషెం వారు ఆ పీఠభూమి ప్రజలందరికీ కలిపి గౌరవపత్రం ఇచ్చారు. మాగ్దా 1996లో పోయింది. పాస్టర్లు పెట్టిన పాఠశాల 2014లో మూతపడింది. దానికి ఒక ఏడాది ముందు, 2013లో, చర్చి ఎదుటనే జ్ఞాపకశాల తెరిచారు.

2020 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, ఫ్రాన్సులో తొంభై ఏళ్ళ వృద్ధుడొకాయన చనిపోయాడు. ఆస్ట్రియాలో పుట్టిన యూదుడు. 1943లో పిల్లవాడిగా తల్లిదండ్రులతో షాంబోకు చేరి, అక్కడే బడిలో తలదాచుకుని, తరువాత లియోన్‌లో ఫార్మసీ చదువుకున్నాడు. పిల్లలు లేరు. వీలునామా తెరిచి చూస్తే తన ఆస్తి షాంబో గ్రామానికి రాసి ఉంది. సుమారు ఇరవై లక్షల యూరోలు. అది ఆ ఊరి పిల్లల చదువుకు, యువకుల కార్యక్రమాలకు వినియోగించమని కోరాడు.